బ్యాటరీ ముట్టేముందు కడియం తీసి పక్కన పెట్టు

నాయనా,

ఆశీస్సులు. మీ నాయన టీవీఎస్ 50ని కరెంటు బండి చేస్తాండావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. దాన్ని పాత ఇనుముకు ఎయ్యకుండా నిలబెట్టాలనుకున్నావే, మనసు నిండిపోయింది. నిన్ను ముందర నిలబెట్టుకుని, వెనక చెనక్కాయల మూట కట్టుకుని ఆ బండి మీద మీ నాయన అనంతపురం మార్కెట్టుకు పోయేటోడు. చార్జింగుతో అది మళ్లీ కదులుతాదంటే నాకూ చూడాలనే ఉంది. కానీ నీ చేతికున్న స్టీలు కడియం గుర్తొచ్చి ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇంజను దింపేది, హబ్ మోటార్ (చక్రం లోపలే ఉండే మోటారు) ఏసేది నీకు తెలుసు. ముందు ఆర్టీఓ ఆఫీసుకు పోయి కిట్ సంగతి, ఆర్‌సీలో మార్పు సంగతి అడుగు. ఇరుసు తిరక్కుండా దాన్ని పట్టి ఉంచే ఇనుప పట్టీ, టార్క్ ఆర్మ్ బిగించు, లేకుంటే వైర్లు తెంపేస్తాది. బ్రేకు లైనింగు కొత్తది ఏయించు.

‘48 వోల్టులే కదమ్మా, షాకు కొట్టదు’ అన్నావంట. ఆ మాటే నాకు భయం.

మా మోటార్ వైండింగ్ షాపు పక్కన లారీల కరెంటు పని చేసే ఆయప్ప ఉండె. నాకు పని నేర్పిన మనిషి. లారీకి 12 వోల్టుల బ్యాటరీలు రెండు కలిపి 24. ‘ఇది ఏం చేస్తాది’ అని వట్టి చేతులతోనే పని చేసేటోడు. ఒకనాడు టెర్మినల్ నట్టు విప్పతాండాడు. స్పానరు ప్లస్ మీద ఉంది, పట్టుకున్న చేతి ఉంగరం లారీ బాడీకి ఆనింది. టప్‌మని శబ్దం. చెయ్యి గుంజుకోబోతే ఉంగరం స్పానరుకు అతుక్కుపోయింది. పెండ్లి ఉంగరం, వేలి మీదనే ఎర్రగా కాలింది. నేను కట్టెతో కొట్టి స్పానరు ఊడగొట్టినా. ఆసుపత్రిలో ఉంగరం కోసి తీసినారు. ఆ వేలు మళ్లీ వంగలేదురా. రెంచి పట్టే చెయ్యి అది.

అంత తక్కువ వోల్టేజీకి ఒంట్లోకి కరెంటు పెద్దగా పారదు, నిజమే. లోహం అడ్డం పడితే మాత్రం బ్యాటరీలోని ఆంపియర్లన్నీ ఒక్కసారే దాంట్లో పారతాయి. నువ్వు 48 అని తెప్పిస్తాండే 16 సెల్లుల ఎల్ఎఫ్‌పీ (లిథియం బ్యాటరీలో ఒక రకం) ప్యాకు ఫుల్ చార్జిలో 58.4 వోల్టులు, ఆ లారీకి రెట్టింపు పైన. బోరు మోటారుకైతే ఫ్యూజు పీకితే కరెంటు పోతాది. సెల్లుకు పీకేది లేదు, ఎప్పుడూ బతికే ఉంటాది.

కాబట్టి కడియం, ఉంగరం, గడియారం, మెడలో గొలుసు తీసి మీ అమ్మ చేతికియ్యి. స్పానరుకు మొన వదిలి మిగతాదంతా టేపు చుట్టు. నువ్వు ముట్టే సెల్లు తప్ప మిగతా వాటి మీద రబ్బరు షీటు కప్పు. ప్యాకు ప్లస్ పక్కనే ఫ్యూజు పెట్టు. ప్యాకును కాపాడే బోర్డు, బీఎంఎస్ ఉంది కదా అంటావేమో. సెల్లుల మధ్యన స్పానరు పడితే దానికి ఆపే దోవ లేదు.

పాత లెడ్ యాసిడ్ చార్జరు తగిలించొద్దు. మన ఎండల్లో తిరిగొచ్చినాక బండి చల్లారేదాకా చార్జింగు పెట్టొద్దు. రాత్రిపూట గడప దగ్గర పెట్టనే పెట్టొద్దు. మీ ఇంటికి ఉండేది ఒకటే తలుపు, లోపల జేజి పండుకుంటాది. మంట లేస్తే ఆమె యాడ నుంచి బయటికొస్తాది?

తిడతాండానని అనుకోవద్దు. సెల్లులు వచ్చిన రోజు ఫోన్ చెయ్యి, గుత్తి నుంచి పొద్దున బస్సుకే వస్తా. మోటారు, వైర్లు నీ ఇష్టం. ప్యాకు కట్టేది మాత్రం నేను వచ్చేదాకా ఆపు.

మీ పెదనాయన