ఇప్పటి పాటలు నోట్లో ఎందుకు నిలవట్లేదు?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ పాటల గురించే ఉన్నాయండి, పెళ్ళిళ్ళ సీజన్ కదా, ఊరూరా డీజే మోత వినీ వినీ అందరికీ ఒకే అనుమానం వచ్చినట్టుంది. అందుకే ఈసారి వంటలూ ఆరోగ్యం ప్రశ్నలు పక్కన పెట్టి ఇవే తీసుకున్నాను.

ప్రశ్న: రిటైరైన టీచర్నండి, మాది రాజోలు దగ్గర పల్లె. మొన్న మా అన్నయ్యగారి మనవరాలి పెళ్ళి ఊరేగింపులో రెండు గంటలు డీజే పాటలు వేశారు, పొద్దున్నే లేచి చూసుకుంటే ఒక్క ముక్క కూడా గుర్తులేదు. అదే నేను ఎనిమిదో క్లాసులో ఉన్నప్పుడు రామాలయం దగ్గర మైకు సెట్లో విన్న ఘంటసాల గారి పాటలు చరణాలతో సహా ఇప్పటికీ పాడతాను. మా మనవడేమో అది నీ వయసు తాతయ్యా, పాట తప్పు కాదు అంటున్నాడు. పాటలో సరుకు తగ్గిందా, నా చెవి ముసలిదైపోయిందా, ఉన్నదున్నట్టు చెప్పండి.

జవాబు: మాస్టారూ, మీ మనవడి మాటలో సగం నిజం ఉందండి, ముందు అది ఒప్పేసుకుందాం. పదేళ్ళ నుంచి పాతికేళ్ళ లోపు విన్న పాటలు మనిషిని పట్టుకున్నంత గట్టిగా తర్వాత విన్నవి పట్టుకోవు, జ్ఞాపకశక్తి మీద పనిచేసే సైకాలజీ వాళ్ళు చెప్పే మాటే ఇది. మీకు ఆ వయసులో ఘంటసాల గారు దొరికారు, మీ మనవడికి ఇప్పటివాళ్ళు దొరికారు, వాడికి అరవై వచ్చాక ఈ పాటలే వాడి కళ్ళు తడిపిస్తాయి.

ఇంకో సంగతి కూడా చూడాలి. మనం ఇప్పుడు వింటున్న పాతపాటలు కాలం జల్లెడ పట్టగా మిగిలిన గింజలండి. ఆ రోజుల్లో ఒక్కో సినిమాలో పది పాటలు మామూలు, పౌరాణికమైతే పద్యాలు అదనం, వాటిల్లో ఇవాళ మనం పాడుకునేవి ఎన్ని, ఊకలా ఎగిరిపోయినవి ఎన్ని! హిందీలో హిట్టయిన ట్యూను తెచ్చి దీనిమీద తెలుగు మాటలు కూర్చోబెట్టండి అని ప్రొడ్యూసర్లు పట్టుబట్టడం అప్పుడూ ఉంది, పెద్ద పెద్ద సంగీత దర్శకులకే తప్పలేదు. కాబట్టి పాతవన్నీ బంగారం అంటే నేను ఒప్పుకోనండి.

బాణీలు కట్టేవాళ్ళకి కరువొచ్చిందని కూడా నేననుకోను. కొవ్వూరులో పుట్టిన కీరవాణి గారు, పాట రాసిన చంద్రబోస్ గారు కలిసి 2023లో నాటు నాటు పాటకి ఆస్కార్ తెచ్చారు, మన వెదురుపాక కుటుంబం నుంచి వచ్చిన దేవిశ్రీ ప్రసాద్ గారికి పుష్ప పాటలకి నేషనల్ అవార్డు వచ్చింది. అవార్డొక్కటే కొలత కాదనుకోండి, కానీ వినేవాళ్ళకి తెలుస్తుంది కదా, మంచి బాణీ ఇప్పటికీ పుడుతోంది.

మరి ఏం తగ్గింది అంటారా, నన్నడిగితే మాట తగ్గిందండి. మాట రాసేవాళ్ళు లేక కాదు, రాసిన మాట చెవి దాకా రావట్లేదు. మీకు ఊరేగింపు పాటలు గుర్తులేకపోవడానికి నాకు తోచిన కారణం అదే, వినపడని మాట ఎలా గుర్తుంటుందండీ.

పాత రికార్డింగ్ ఎలా జరిగేదో చూడండి. మద్రాసు స్టూడియోలో పాడేవాళ్ళూ కోరస్సూ వయొలిన్లూ వీణా ఫ్లూటూ తబలా అందరూ ఒకేసారి కూర్చుని మొదటి నుంచి చివరి దాకా ఆపకుండా చెయ్యాలి, ఎవరో ఒకరు చిన్న తప్పు చేస్తే అందరూ మళ్ళీ మొదట్నుంచీ. అందుకని రోజుల తరబడి రిహార్సల్స్, రాసినాయన పక్కనే ఉండి ఈ మాట ఇక్కడ విరవకండి, ఇక్కడ ఊపిరి తీసుకోండి అని చెప్పుకునే వీలు ఉండేది. పైగా 78 స్పీడు గ్రామఫోను రికార్డులో ఒక్కో వైపు మూడున్నర నిమిషాలకి మించి పట్టదు, ఆ కాస్త జాగాలో పల్లవీ చరణాలూ అన్నీ ఇమడాలి, దండగ లైను పెట్టడానికి వీల్లేదు. ఇక సినిమా హాలు బయట పాటల పుస్తకాలు అమ్మేవాళ్ళు గుర్తుందా మాస్టారూ, పల్చటి కాయితం మీద అచ్చేసి అణాలకీ పైసలకీ ఇచ్చేవారు, జనం ఇంటికి తెచ్చుకుని మాట మాటా చూసుకుంటూ పాడుకునేవాళ్ళు. విజయవాడ రేడియో 1948లో వచ్చింది, అందులో పాట వేళకే వస్తుంది, వెనక్కి తిప్పి వినడానికి లేదు, అందుకని వచ్చినప్పుడే చెవులు రిక్కించి వినేవాళ్ళం. మీ పక్క ఊరు శంకరగుప్తంలో పుట్టిన బాలమురళీకృష్ణ గారు ఆ రేడియోలో పనిచేసిన రోజుల్లో పొద్దున్నే వచ్చే భక్తిరంజనిలో పాటలు అలా విని నేర్చుకున్న ఆడవాళ్ళు మన గోదావరి లంకల్లో ఎంతమందో.

ఇప్పుడు సింగర్ ఒక్కరే గాజు గదిలో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని టక్ టక్ మని తాళం చూపించే క్లిక్ మీద లైను లైనుగా పాడతారు, ఒక్కోసారి సగం లైనే, మిగతా సగం ఇంకోసారి పాడింది తెచ్చి అతికిస్తారు. శ్రుతి కాస్త అటూ ఇటూ అయితే సరిచేసే ఆటోట్యూన్ అనే సాఫ్ట్‌వేర్ 1997 నుంచీ ఉంది. అందుకే ఇప్పటి పాటలో శ్రుతికి వంకపెట్టలేం, గీత గీసినట్టుంటుంది, ఊపిరి మాత్రం ముక్కలు ముక్కలుగా ఉంటుంది. ఒక వాక్యాన్ని ఒక్క ఊపిరిలో అంటేనే కదండీ అర్థం మనసుకి పట్టేది, మీరు క్లాసులో పద్యం చెప్పేటప్పుడు పిల్లలకి నేర్పిందీ అదే.

వేరే రాష్ట్రాలవాళ్ళు పాడటం వల్ల తెలుగు చెడిపోయింది అనేవాళ్ళున్నారు, అది అన్యాయం అంటాను నేను. వాణీ జయరాం గారిది వెల్లూరు, చిత్ర గారిది కేరళ, వాళ్ళు పాడితే ఏ అక్షరమైనా జారిందా? 1980లో శంకరాభరణం వచ్చినప్పుడు బాలు గారితో పాటు వాణీ జయరాం గారికి కూడా నేషనల్ అవార్డు ఇచ్చారు, అదీ తెలుగు పాటకి. వాళ్ళకి మాట అర్థం చెప్పి, పలికించి, కుదిరేదాకా కూర్చున్నవాళ్ళు ఉన్నారు. ఇవాళ ఆ టైమే ఇవ్వట్లేదు, రాత్రికి ట్రాక్ పంపి పొద్దున్నకి పాట కావాలంటే ఎంత గొప్ప గొంతైనా ఏం చేస్తుంది. బాలు గారు 1996 నుంచీ ఈటీవీలో పాడుతా తీయగాలో చిన్నపిల్లలకి ‘ళ’ ఎక్కడ, ‘ల’ ఎక్కడ, ఒత్తు ఎంత పలకాలి అని ఓపిగ్గా చెప్తుంటే మా ఇంట్లో అందరం అన్నం కంచాలు ముందేసుకుని చూసేవాళ్ళం. 2020లో ఆయన పోయాక ఆ పని అంత ప్రేమగా చేసే మనిషి నాకు కనపడలేదండి, ఇది రాస్తుంటే కూడా మనసు బరువెక్కుతోంది.

మోత సంగతి కూడా చెప్పాలి. 2012లో స్పెయిన్ పరిశోధకులు 1955 నుంచి 2010 దాకా వచ్చిన 4,64,411 పాశ్చాత్య పాటల రికార్డింగులు కంప్యూటర్‌కి ఇచ్చి చూస్తే, ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి వెళ్ళే దారుల్లో రకాలు తగ్గాయనీ, వాయిద్యాల నాదాలు ఒకేలా అయిపోతున్నాయనీ, రికార్డింగు మోత మాత్రం ఏళ్ళు గడిచేకొద్దీ పెరిగిందనీ తేలింది. అవి వాళ్ళ పాటలే, కానీ మోత పెరగడం మనకీ అనుభవమే కదా. మెల్లగా ఉండాల్సిన చోటు కూడా పెంచేస్తే గొంతు పైకి తేలడానికి సందుండదు.

మన ఊళ్ళల్లో ఇప్పటికీ ఎవరైనా పోతే ఇంటి ముందు ఘంటసాల గారి భగవద్గీతే పెడతారు. ఆయన 1974లోనే వెళ్ళిపోయారు. సంస్కృతం రానివాళ్ళకి కూడా ఆ శ్లోకం మాట మాటా విడివిడిగా వినపడుతుంది, ఏడుస్తున్న మనిషికి కూడా వినపడుతుంది.

మీరూ మీ మనవడూ ఒక పని చెయ్యండి. సాయంత్రం కాలవ గట్టుకెళ్ళి ఫోన్లు జేబులో పెట్టేసి, మ్యూజిక్ లేకుండా చెరో పాటా పాడుకోండి. మా ఇంట్లో నేనూ మా అమ్మాయీ చేశాం. తను పాడిన కొత్త పాటల్లో ఒకటి నాలుగు లైన్లకే మాటలు అయిపోయి నోటితో బీటు వెయ్యాల్సొచ్చింది, ఇంకోటి మాత్రం వయొలిన్ లేకుండా ఏమీ లేకుండా ఎంత బాగా నిలబడిందో, మళ్ళీ పాడమ్మా అని రెండుసార్లు పాడించుకున్నాను. నాకు ప్రాణమైన పాతపాట ఒకటి పాడబోతే చరణంలో పసలేదని నాకే తెలిసింది, ఇన్నేళ్ళూ ఆ వాయిద్యాలు మోసుకొచ్చాయి దాన్ని. మీ ఇద్దరి ఫలితం నాకు తప్పకుండా రాయండి.

ప్రశ్న: మాది భీమవరం, ఇంజినీరింగ్ సెకండియర్. మాస్ పాట పెడితే మా నాన్నగారు అది పాటా, డప్పా అని టీవీ ఆపేస్తారు. బీటు ఎక్కువుంటే పాట తక్కువైపోతుందా అండి?

జవాబు: లేదమ్మా, డప్పు మనదే. కనుమ రోజు కోనసీమలో జగ్గన్నతోట తీర్థానికి వెదుళ్ళతో కట్టిన దేవుడి ప్రభల్ని భుజాల మీద మోసుకుంటూ వరిచేలల్లోంచి, కౌశిక ఏటి నీళ్ళల్లోంచి వస్తుంటారు చూశావా, ఆ అడుగులు పడేది దేనిమీద? ఆస్కార్ తెచ్చిన పాట నడక కూడా మన పల్లె డప్పుల్లో ఎప్పట్నుంచో ఉన్న నడకే. మీ నాన్నగారి వయసు వాళ్ళ కాలేజీ రోజుల్లో సంగీత దర్శకుడు చక్రవర్తి గారి పాటలు పెడితే ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఇలాగే రేడియో కట్టేసేవారు, మా ఇంట్లో మా నాన్నగారు కట్టేసింది నాకు బాగా గుర్తు.

కొత్త వాయిద్యం వల్ల కూడా సంగీతం చెడదమ్మా. మీకు దగ్గరే పాలకొల్లు, అక్కడ 1969లో పుట్టిన శ్రీనివాస్ గారు ఆరేళ్ళప్పుడు వాళ్ళ నాన్నగారి మాండలిన్ చేతిలోకి తీసుకున్నారు, తర్వాత కరెంటు మాండలిన్‌తో త్యాగరాజ కీర్తనలు వాయిస్తే కచేరీకి ఇదేం వాయిద్యం అని మొదట్లో ముఖం చిట్లించినవాళ్ళే ఆ తర్వాత ముందు వరసలో కూర్చున్నారు. ద్రాక్షారామం ఈమని శంకరశాస్త్రి గారు అంతటి వీణ విద్వాంసులై ఉండి మద్రాసు జెమిని స్టూడియోలో సినిమా సంగీతానికి పనిచేశారు, ఆయన శిష్యుడు కాకినాడ చిట్టిబాబు గారూ సినిమా ఆర్కెస్ట్రాల్లో వాయించారు.

ఒక్కచోట మాత్రం నేను మీ నాన్నగారి వైపే. ఆడపిల్లని వస్తువులాగా చూసే మాటలు రాసి బీటు కింద దాచేస్తే అది నాకు ఏ కాలంలోనూ నచ్చలేదు, పాతవాటిల్లోనూ అలాంటివున్నాయి, అప్పుడూ నచ్చలేదు. బీటునీ అలాంటి మాటల్నీ వేరు చేసి మీ నాన్నగారితో మాట్లాడి చూడు, వింటారు.

ప్రశ్న: అమలాపురం దగ్గర మాది, మా నాన్నా నేనూ బ్యాండు మేళంలో క్లారినెట్ వాయిస్తామండి. ముందు ముహూర్తాలొస్తే తినడానికి టైముండేది కాదు, ఇప్పుడు మంచి ముహూర్తాల్లో కూడా ఇంట్లో కూర్చుంటున్నాం, అంతా డీజేనే. ఈ పని మానెయ్యమంటారా?

జవాబు: తమ్ముడూ, మీ ఉత్తరం చదివి చాలాసేపు ఏం రాయాలో తెలియలేదు. పాత పాటా కొత్త పాటా అని మేమంతా మాట్లాడుకుంటుంటే అన్నం పోయింది మీకు. మద్రాసులో కూడా ఇదే జరిగింది, ఒక్క పాటకి పదుల మంది కూర్చుని వాయించిన చోట 1980ల నుంచీ కీబోర్డులు వచ్చి ఒక్కో మనిషి పది మంది పని చేసేశారు, ఎందరో వయొలిన్ వాళ్ళకి పని పోయింది.

మానెయ్యమని నేను చెప్పలేను, దీనిమీదే బతకమని కూడా చెప్పలేను. చేతిలో ఇంకో పని పెట్టుకుని వాయిద్యం మాత్రం వదలొద్దు. పదిహేను మంది మేళానికి డబ్బు పెట్టలేనివాళ్ళు కూడా క్లారినెట్టూ డోలూ చిన్న కీబోర్డూ, ముగ్గురొస్తారంటే గృహప్రవేశానికీ ఒడుగుకీ ఓణీల ఫంక్షన్‌కీ పిలుస్తారు, పొద్దుటి ఫంక్షన్లలో డీజే ఎవరూ పెట్టరు కదా. ఇప్పటి మెలోడీలు ఒక పది సాధన చేసి ఫోన్లో రికార్డు చేసి ఫంక్షన్ హాళ్ళవాళ్ళకీ డెకరేషన్ వాళ్ళకీ పంపండి. కొత్త పాట మీ క్లారినెట్ మీద వింటే దాని బాణీ ఎంత అందంగా ఉందో పెద్దవాళ్ళకి తెలుస్తుంది, డీజేలో వాళ్ళకి తెలియనిది అదే.

పెళ్ళి పెట్టుకున్న పాఠకులకి కూడా ఒక మాట, డీజే మీ పిల్లల ముచ్చట, కాదనను, పెళ్ళికూతుర్ని మండపానికి తీసుకొచ్చే ఆ పావుగంటైనా మేళం పెట్టండి. మీ మండలంలో మేళం వాళ్ళు ఇంకా ఉన్నారు, అడిగితే దొరుకుతారు.

ప్రశ్న: కాకినాడ నుంచి. పాతపాటలు ఫోన్లో వింటుంటే గరగరమంటున్నాయి, బీటు కలిపినవి బాగున్నాయని మా అబ్బాయి అవే పెడుతున్నాడు. ఏది వినాలి?

జవాబు: బీటు కలిపినవి వద్దండి, అసలు పాటలో ఖాళీ వదిలిన చోటల్లా డ్రమ్ము కొట్టి నింపేస్తారు, గొంతు వెనక్కి పోతుంది. పాత రికార్డింగులు ఒకే ఛానల్‌వి, అందుకని ఇయర్‌ఫోన్స్ కన్నా చిన్న స్పీకరు ఒకటి గదిలో ఒక మూల పెట్టుకుంటే హాయిగా ఉంటుంది. ఫోన్లో బాస్ పెంచే సెట్టింగ్ ఉంటే తీసేయించండి, సౌండు సగానికి తగ్గించండి. మీ కాకినాడలోనే పుట్టిన పి.బి.శ్రీనివాస్ గారి పాట ఒకటి అలా పెట్టుకుని వినండి, పక్కగదిలో ఎవరో మాట్లాడుతున్నంత మెల్లగా పాడతారు, ఒక్క అక్షరం కూడా పోదు.