అల్లుడూ, ఆ స్ప్రింగ్ పెట్టె కొనేముందు ఇది చదువు

అల్లుడూ,

పాటల రికార్డింగ్‌లో గొంతుకు ప్రతిధ్వని తెచ్చే స్ప్రింగ్ పెట్టె కోసమని నిన్న రాత్రి నువ్వు పంపిన ఫొటోలు రెండూ చూశాను. సైనిక్‌పురిలో ఎవరో అమ్ముతున్న స్పేస్ ఎకో అనే టేపు ఎకో యంత్రం ఒకటి, ఎర్రగడ్డ ఆదివారం సంతలో ఏదో పాత ఆర్గాన్ నుంచి ఊడదీసి పెట్టిన ట్యాంక్, అంటే స్ప్రింగులు బిగించిన రేకు పెట్టె, ఒకటి. "మామయ్యా, ఏది తీసుకోమంటారు?" అని అడిగి పడుకున్నావు, నాకు మాత్రం నిద్ర పట్టలేదు. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావు, అందుకే రాస్తున్నా.

ముందు నా మాట చెప్పేస్తాను. ట్యాంకే తీసుకో. ఎందుకో కింద చెబుతాను గానీ, అసలు సంగతి వేరే ఉంది: స్ప్రింగ్ రివర్బ్ (స్ప్రింగులతో పుట్టించే ప్రతిధ్వని) విషయంలో ఏ పేరున్న పెట్టె కొన్నావన్న దానికంటే దాంట్లోకి ఏం పంపుతున్నావన్నదే ఎక్కువ తేడా తెస్తుంది. ఇది ఒంటబట్టడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది, నీకు ఒక వారంలో రావాలని నా ఆశ.

లోపల జరిగేది చాలా సింపుల్. ఒక చివర కాయిల్, దాని ఇనుప కోర్ సందులో స్ప్రింగ్ కొసకు అతికించిన చిట్టి అయస్కాంతం. కాయిల్లోకి సౌండ్ సిగ్నల్ వెళ్తే ఆ అయస్కాంతం అటూ ఇటూ తిరుగుతుంది, ఆ మెలిక స్ప్రింగ్ వెంబడి పాకుతూ అవతలి చివరకు వెళ్లి అక్కడి కాయిల్లో కరెంటు పుట్టిస్తుంది. కొంత అక్కడ తగిలి వెనక్కి వస్తుంది, మళ్లీ వెళ్తుంది, అలా రెండు మూడు సెకన్లు సాగుతుంది. పెద్ద ట్యాంకులో రెండు స్ప్రింగులుంటే ఒకదాంట్లో మొదటి చప్పుడు సుమారు 33 మిల్లీ సెకన్లకు, ఇంకోదాంట్లో 41కి వస్తుంది. రెండూ ఒకేసారి రాకూడదని కావాలనే అలా చేశారు. ఇంకో సంగతి, స్ప్రింగ్‌లో అన్ని ఫ్రీక్వెన్సీలూ ఒకే వేగంతో నడవవు. అందుకే చురుగ్గా ఒక దెబ్బ పంపితే అది సాగిపోయి "బొయ్‌య్" అని వస్తుంది. ఈ ఒక్క లక్షణం గుర్తుపెట్టుకో, కింద చెప్పే సలహాల్లో సగం దాని కోసమే.

మొదట్లో ఇది సంగీతం కోసం పుట్టలేదు. అమెరికా టెలిఫోన్ పరిశోధన సంస్థ బెల్ ల్యాబ్స్ వాళ్లు టెలిఫోన్ లైన్లలో వచ్చే ఆలస్యాన్ని టెస్ట్ చేసుకోవడానికి స్ప్రింగులు వాడారు. లారెన్స్ హామండ్ దాన్ని పట్టుకుని, ఇళ్లలో పెట్టుకునే ఆర్గాన్లకు చర్చి గోపురం కింద మోగే ధ్వని తెచ్చాడు. 1961లో ఫెండర్ గిటార్ కోసం విడి పెట్టెగా అమ్మింది. జమైకాలో సౌండ్ ఇంజనీర్ కింగ్ టబ్బీ ఫిషర్ కంపెనీ వాళ్ల స్ప్రింగ్ పెట్టె వాడి డబ్ సంగీతానికి (రెగే పాటలను ప్రతిధ్వనులతో మళ్లీ మిక్స్ చేసేది) ఒక రూపమే ఇచ్చాడు. ఆస్ట్రియా వాళ్ల ఏకేజీ బీఎక్స్20 అయితే దాదాపు మీటరు ఎత్తు చెక్క పెట్టె, చాలా సాఫీగా మోగుతుంది, దానిమీద నీకు కన్నుందని తెలుసు. యూసుఫ్‌గూడలో రెండో అంతస్తులో, లిఫ్ట్ లేని నీ గదికి అది వద్దు, మరమ్మతు చేసేవాళ్లు కూడా మనకు దగ్గర్లో దొరకరు.

ఇక స్పేస్ ఎకో. ఆర్‌ఈ-201 అనే ఆ మోడల్ మంచి యంత్రమే, 1974 నుంచి జనం దానికోసం కొట్టుకుంటున్నారు. కానీ అందులో స్ప్రింగ్ ఒక మూల మాత్రమే, నువ్వు డబ్బు పోసేది టేపు ఎకో కోసం. టేపు లూప్ అరుగుతుంది, రబ్బరు రోలర్ గట్టిపడుతుంది, హెడ్లు తుడుస్తూ ఉండాలి. టేపు ఎకో కావాలంటే కళ్లకద్దుకుని తీసుకో. నువ్వు నన్ను అడిగింది స్ప్రింగ్ గురించి కదా!

అయినా పోయి చూస్తానంటావు, ఆగవు. చూస్తే ముందు వెనక పలక మీద వోల్టేజ్ చదువు. అమెరికా పెట్టెలు 117 లేదా 120, జపాన్ లోపల అమ్మినవి 100, మన గోడలో ఉండేది 230. మద్రాసులో పనిచేసే రోజుల్లో ఒకాయన విదేశం నుంచి ప్రాణంగా తెచ్చుకున్న పెట్టెను నేను చదవకుండా నేరుగా ప్లగ్గులో పెట్టాను. పది సెకన్లు కూడా కాలేదు, ట్రాన్స్‌ఫార్మర్ కాలిన వాసన. ఆయన బయట టీ తాగుతున్నాడు. లోపలికి వచ్చాక ఆయన ముఖం చూడలేకపోయాను, ఇప్పటికీ ఆ వాసన తగిలితే ఆ గదే గుర్తొస్తుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కోఠి గుజరాతీ గల్లీలో అడుగు, దొరుకుతుంది, కానీ 110 ఇచ్చేది తెచ్చి 100 వోల్టుల పెట్టెకు తగిలించకు. పాత వాటికి రెండు పిన్నులే ఉంటే ఎర్త్ వేయించాకే వాడు. లోపల కెపాసిటర్లు ఎండిపోయి ఉంటాయి, అవి మార్పించే ఖర్చు కూడా ధరలో కలిపి లెక్కేసుకో.

ఇప్పుడు ఎర్రగడ్డ ట్యాంక్. నీ ఫొటోను పెద్దది చేసి చూస్తే పక్కన 4ఈబీ2సీ1బీ అని ముద్ర కనిపిస్తోంది. అది చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. పాత ట్యాంకులన్నిటి మీదా ఈ కోడ్ ఉండదు, ఉంటే మాత్రం జాతకం మొత్తం అందులోనే ఉంటుంది. 4 అంటే పొడుగు ట్యాంక్, పదహారున్నర అంగుళాల పైన, రెండు వరసల స్ప్రింగులు. ఈ అంటే ఇన్‌పుట్ ఇంపెడెన్స్ (సిగ్నల్‌కు కాయిల్ ఇచ్చే అడ్డు) 600 ఓమ్‌లు. తర్వాతి బీ అంటే ఔట్‌పుట్ 2250 ఓమ్‌లు. 2 అంటే మోత మధ్యరకంగా సాగుతుంది, 1 అయితే పొట్టి, 3 అయితే బాగా పొడుగు. సీ అంటే ఇన్‌పుట్ సాకెట్ రేకుకు తగలకుండా, ఔట్‌పుట్ సాకెట్ రేకుకు కలిసి ఉంటుంది. 1 అంటే స్ప్రింగులను కదలకుండా పట్టే లాక్ లేదు, కాబట్టి బండిమీద తెచ్చేటప్పుడు ఒళ్లో పెట్టుకుని తేవాలి. చివరి బీ అంటే తెరిచి ఉన్న వైపు కిందకు ఉండేలా అడ్డంగా పెట్టాలి. తలకిందులుగా పెడితే అయస్కాంతాలు కాయిల్ సందులో మధ్యన కూర్చోవు, సౌండ్ సన్నబడుతుంది.

600 ఓమ్‌లు అన్నది నీ అదృష్టం. ఫెండర్ తరహా 8 ఓమ్‌ల ట్యాంక్ అయితే దాన్ని తోయడానికి చిన్న పవర్ ఆంప్ లాంటిది కావాలి. ఇది మామూలు 5532 ఆప్‌ఆంప్ చిప్‌తో కూడా నడుస్తుంది. కంప్యూటర్‌కు తగిలించిన నీ ఆడియో ఇంటర్‌ఫేస్‌లో రెండో హెడ్‌ఫోన్ ఔట్ ఖాళీగా ఉంది కదా, దాంట్లోంచి ఎడమ ఛానెల్ ఒక్కటే తీసి ట్యాంకుకు ఇవ్వు. మోనో పిన్ను అందులో గుచ్చకు, కుడి ఛానెల్ షార్ట్ అవుతుంది. స్టీరియో పిన్ను పెట్టి ఎడమ ఛానెల్ తీగ, గ్రౌండ్ మాత్రమే వాడు. ట్యాంక్ నుంచి వచ్చేది కొన్ని మిల్లీవోల్టులే, దాన్ని గిటార్ పెట్టే ఇన్‌పుట్‌లోకి పొట్టి షీల్డ్ వైరుతో తీసుకో. లెవల్ కింది నుంచి మెల్లగా పెంచుతూ పో, గొంతు గీరుకుపోవడం మొదలైన చోటు నుంచి కాస్త వెనక్కి రా. అక్కడ స్ప్రింగ్ బాగా పలుకుతుంది, హిస్ (సన్నటి బుస) కూడా కింద ఉండిపోతుంది.

హమ్ (కరెంటు వల్ల వచ్చే సన్నటి మోత) గురించి టెన్షన్ పడకు. ఔట్‌పుట్ కాయిల్ చుట్టుపక్కల ట్రాన్స్‌ఫార్మర్ల అయస్కాంతాన్ని పీల్చుకుంటుంది, అంతే. హెడ్‌ఫోన్ పెట్టుకుని ట్యాంకును చేతిలో పట్టుకుని గదిలో తిరుగు, అడుగు జరిపినా, కాస్త తిప్పినా హమ్ ఎంత మారుతుందో నీకే తెలుస్తుంది. తక్కువ ఉన్న చోట పెట్టు. ఇన్వర్టర్ మీద నడిచేటప్పుడు మాత్రం స్ప్రింగ్ ట్రాక్ రికార్డ్ చేయకు, పాత ఇన్వర్టర్ల కరెంటు అంత శుభ్రంగా ఉండదు.

కుదుపులు వేరే కథ. మీ వీధిలో ఎండాకాలం నీళ్ల ట్యాంకర్లు రివర్స్ చేసుకుంటూ వస్తాయి, అది మైకుకు వినపడదు గానీ స్ప్రింగ్‌కు వినపడుతుంది. స్పీకర్లున్న బల్ల మీద అసలు పెట్టకు, బేస్ మళ్లీ స్ప్రింగ్‌లోకి దూరి గుయ్ మంటుంది. నేను ఒక చెక్క పెట్టెలో సైకిల్ ట్యూబ్ ముక్కలతో నాలుగు మూలలా ట్యాంకును వేలాడదీశాను, దానికి మించింది ఇంతవరకు దొరకలేదు. నువ్వు కూడా అలాగే చెయ్యి.

ఇక వాడకం, నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇది.

స్ప్రింగ్‌లోకి పంపే ముందు 200 హెర్ట్జ్ కింద కోసెయ్. పైన అది ఎలాగూ నాలుగైదు కిలోహెర్ట్జ్ దాటి పెద్దగా పలకదు, దానికోసం ట్రెబుల్ పెంచి ప్రయోజనం లేదు. స్ప్రింగ్ ముందు వేగంగా పట్టుకునే లిమిటర్ (ఒక్కసారిగా పెరిగే సౌండ్‌ను అదిమేది) ఒకటి పెట్టు, తర్వాత కాదు. ముప్పై నలభై మిల్లీ సెకన్ల ప్రీడిలే (మోత మొదలయ్యే ముందు ఆలస్యం) ఇస్తే మాట స్పష్టంగా ముందు నిలబడి మోత వెనక మొదలవుతుంది. నీ కంప్యూటర్ నుంచి బయటికి వెళ్లి తిరిగొచ్చే ఆలస్యం కూడా ఇందులో కలిసిపోతుంది, దాన్ని సరిచేయడానికి తంటాలు పడకు.

మన భాష అజంతం కదా, మాటలు అచ్చుతో ముగుస్తాయి. స్ప్రింగ్‌కు ఇంతకంటే అనువైన భాష ఉంటుందా అనిపిస్తుంది నాకు. మొదట్లో నేను పాట మొత్తాన్ని సెండ్‌లో (స్ప్రింగ్‌కు సౌండ్ పంపే దారిలో) వదిలేసేవాణ్ణి. క, ట, ప లాంటి అక్షరాలు తగిలిన ప్రతిచోటా రేకు మీద రాయి వేసినట్టు చిటపటలు వచ్చేవి. తర్వాత ఒక రాత్రి కూర్చుని సెండ్‌ను చేత్తో నడిపి చూశాను. "పాట" అన్న మాట తీసుకో. "పా" దగ్గర మూసి ఉంచు, "ట"లోని హల్లు దాటి "అ" సాగుతున్నప్పుడు మెల్లగా తెరువు. చరణం చివర "ఓ" అని గాయని ఊపిరి వదిలేచోట పూర్తిగా ఇవ్వు. అప్పుడు స్ప్రింగ్ చప్పుడు చెయ్యదు, ఆమె గొంతుకు తోకలా సాగుతుంది. కంప్యూటర్‌లో ఆటోమేషన్ గీసి అదే చేయించుకోవచ్చు, కానీ మొదటి నెల చేత్తోనే చెయ్యి, చెవికి అలవాటవుతుంది.

డప్పును నేరుగా పంపకు. పుల్ల దెబ్బ నేరుగా వెళ్తే "బొయ్" తప్ప ఇంకేమీ మిగలదు. దూరంగా పెట్టిన రూమ్ మైక్ ట్రాక్ పంపు, అంచు మెత్తబడి వస్తుంది. కావాలని ఆ "బొయ్" కోరుకునే పాటలూ ఉంటాయి, అక్కడ మొహమాటపడకుండా పంపు. వేణువు, వయొలిన్ చాలా బాగుంటాయి. మృదంగం తొప్పి (బేస్ పలికే) వైపు వద్దే వద్దు.

ఒక పొరపాటు చాలామంది చేస్తారు. ఒకే ట్యాంకులోంచి అదే ట్రాక్‌ను రెండుసార్లు పంపి ఎడమకు ఒకటి, కుడికి ఒకటి వేసి స్టీరియో వచ్చిందనుకుంటారు. రెండుసార్లూ వచ్చేది ఒకటే కాబట్టి అది మధ్యలోనే కూర్చుంటుంది. గొంతును కొంచెం ఎడమకు, స్ప్రింగ్‌ను కుడికి జరుపు చాలు, వెడల్పు అదే వస్తుంది. రిటర్న్‌ను (స్ప్రింగ్ నుంచి తిరిగొచ్చే సౌండ్‌ను) వేరే ట్రాక్‌లో రికార్డ్ చేసి పెట్టుకో, రేపు ట్యాంక్ తీగ తెగినా పాట ఆగదు.

వానాకాలం స్ప్రింగులకు తుప్పు పడుతుంది. పెట్టెలో సిలికా జెల్ సంచులు వేసి ఉంచు. నూనె, స్ప్రే ఏదీ స్ప్రింగ్ మీద కొట్టకు. సాకెట్లు మాత్రం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడువు.

ఆదివారం పొద్దున్నే సంతకు వెళ్లు, ఎండెక్కాక మంచి సరుకు ఉండదు. మల్టీమీటర్ తీసుకెళ్లు. ఇన్‌పుట్ సాకెట్ మీద 58 ఓమ్‌ల దగ్గర, ఔట్‌పుట్ మీద 200 దగ్గర చూపిస్తే బేరం మొదలుపెట్టు. కోడ్‌లో 600, 2250 అని ఉండి మీటర్ తక్కువ చూపిస్తుందేమని కంగారుపడకు, మీటర్ చూపేది తీగ డీసీ రెసిస్టెన్స్, కోడ్ చెప్పేది సౌండ్ సిగ్నల్‌కు ఉండే ఇంపెడెన్స్. ఏదో ఒక వైపు మీటర్ ఏమీ చూపకపోతే సాకెట్ వెనక నుంచి కాయిల్‌కు వెళ్లే వెంట్రుకంత తీగలు చూడు, సాధారణంగా అక్కడే తెగుతాయి. తెగిన కొస బయటికి కనిపిస్తే ధర తగ్గించి తీసుకో, నేను అతికిస్తాను. కాయిల్ లోపల తెగి ఉంటే వదిలేసి రా. స్ప్రింగ్ కొసల్లో ఉండే చిట్టి అయస్కాంతాలు నాలుగూ ఉన్నాయో లేదో లెక్కపెట్టు, ఫొటోలో ఒక మూల నాకు సరిగ్గా కనపడలేదు.

దొరికితే నేరుగా మా ఇంటికే తీసుకురా. సైకిల్ ట్యూబు నా దగ్గరుంది.

మీ మామయ్య