మిథైలేషన్ మీద పీహెచ్‌డీ చేస్తానంటోంది, పంపమంటారా?

ప్రశ్న: మా అమ్మాయి గుంటూరులో బీఎస్సీ బయోటెక్నాలజీ ఆఖరి సంవత్సరం చదువుతోంది. కాలేజీలో ఒక ఉపన్యాసం విన్నప్పటి నుంచి డీఎన్‌ఏ మిథైలేషన్, క్రోమాటిన్ మీద పరిశోధన చేస్తానని పట్టుబట్టింది. బంధువులేమో బీఈడీ చేయించమని, లేదంటే ఫార్మా కంపెనీలో క్యూసీ (మందుల నాణ్యత పరీక్షించే) ఉద్యోగంలో చేర్పించమని అంటున్నారు. ఎన్నేళ్లు పడుతుంది? చేతికి ఏమొస్తుంది? పెళ్లికి అడ్డమవుతుందా? నాకు మిర్చి వ్యాపారం తప్ప ఈ చదువుల సంగతి తెలియదు.
- ఒక తండ్రి, నరసరావుపేట

జవాబు: ముందు మీ అమ్మాయి దేని గురించి అడుగుతోందో చెబుతానండీ. అది తెలిస్తే మిగతా లెక్కలు మీరే వేసుకోగలరు.

మనిషి కాలేయ కణంలోనూ మెదడు కణంలోనూ ఉండే డీఎన్‌ఏ దాదాపు ఒకటే. అయినా ఆ రెండూ చేసే పనులకు పొంతన లేదు. ఎక్కడ ఏ జన్యువు పనిచేయాలి, ఏది మూతపడి ఉండాలి అన్నది తేల్చే ఏర్పాట్లు కణంలో చాలా ఉన్నాయి. డీఎన్‌ఏలోని సైటోసిన్ అనే అక్షరానికి మిథైల్ గ్రూపు అనే చిన్న రసాయన ముక్క అతుక్కోవడం అందులో ఒకటి. అదే మిథైలేషన్. ఇక ఒక్కో కణంలో సుమారు రెండు మీటర్ల పొడవుండే డీఎన్‌ఏ, హిస్టోన్లనే ప్రొటీన్ల మీద కండెకు దారం చుట్టినట్టు చుట్టుకుని ఉంటుంది. ఒక్కో కండె మీద సుమారు 147 అక్షరాల జతలు. ఈ మొత్తం సరంజామానే క్రోమాటిన్ అంటారు. చుట్టు బిగిస్తే జన్యువు నిద్రపోతుంది, వదులైతే లేస్తుంది. మందార చెట్టుకు తెల్లగా పట్టే పిండినల్లి మీరు చూసే ఉంటారు. ఆ పురుగుల్లో మగవాటికి తండ్రి నుంచి వచ్చిన క్రోమోజోములన్నీ ఇలా బిగుసుకుపోయి పనిచేయకుండా ఉండిపోతాయి. ఈ వింత మీద బెంగళూరులోని ఐఐఎస్‌సీ అనే పరిశోధన సంస్థ వాళ్లు ఏళ్ల తరబడి పనిచేశారు.

ఇందులో ఒక మనిషి ఉద్యోగ జీవితం ఎలా సాగుతుందో తెలియాలంటే ఏడ్రియన్ బర్డ్ గారిని చూడాలి. స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరాలో ఆయన కప్ప డీఎన్‌ఏతో పని మొదలుపెట్టారు. హెచ్‌పా-2, ఎంఎస్‌పీ-1 అని రెండు ఎంజైములున్నాయి. రెండూ డీఎన్‌ఏను సీసీజీజీ అన్న అక్షరాల వరుస (సీ అంటే సైటోసిన్, జీ అంటే గ్వానిన్) దగ్గరే కోస్తాయి. అయితే అక్కడ మిథైల్ గ్రూపు ఉంటే హెచ్‌పా-2 కోయలేదు, ఎంఎస్‌పీ-1 కోస్తుంది. ఒకే డీఎన్‌ఏను రెండు గొట్టాల్లో వేసి, ఒక్కో దానిలో ఒక్కో ఎంజైమ్ కలిపి, జెల్ అనే మెత్తని పలక మీద కరెంటుతో పక్కపక్కన నడిపిస్తే, ముక్కల సైజుల్లో తేడాను బట్టి మిథైలేషన్ ఎక్కడుందో కంటికి కనిపిస్తుంది. డీఎన్‌ఏను కోసే ఎంజైములతో మిథైలేషన్‌ను పట్టుకునే పద్ధతిని ఎడ్ సదర్న్ అనే శాస్త్రవేత్తతో కలిసి బర్డ్ 1978లో ప్రచురించారు. మీ అమ్మాయి ఎమ్మెస్సీ ప్రాక్టికల్స్‌లో చేయగలిగినంత సులువైన ప్రయోగం ఇది.

ఆ తర్వాత ఎలుక డీఎన్‌ఏను హెచ్‌పా-2తో కోసి చూస్తే, చాలా భాగం పెద్ద ముక్కలుగానే మిగిలింది. కొద్ది భాగం మాత్రం నలిగిపోయినట్టు చిన్న చిన్న ముక్కలైంది. అంటే అక్కడ మిథైలేషన్ లేదు. వీటినే ఇప్పుడు సీపీజీ ఐలాండ్స్ (సీ పక్కన జీ అక్షరం ఎక్కువగా ఉండే దీవులు) అంటున్నాం. మన జన్యువుల్లో సగానికి పైగా ఇలాంటి చోటే మొదలవుతాయి. 1992లో ఆయన ల్యాబ్, మిథైలేషన్ ఉన్న చోటును గుర్తుపట్టి అతుక్కునే ఎంఈసీపీ-2 అనే ప్రొటీన్‌ను కనిపెట్టింది. అప్పటికి దానికీ జబ్బులకూ సంబంధం ఉందని ఎవరికీ తెలియదు. 1999లో అమెరికాలో హుదా జోగ్బీ బృందం రెట్ సిండ్రోమ్‌కు కారణం ఆ ప్రొటీన్ జన్యువులోని మార్పులేనని తేల్చింది. ఆడపిల్లలు ఆరు నెలల నుంచి ఏడాదిన్నర వయసు దాకా బాగానే పెరిగి, వచ్చిన మాటలూ చేతి పనులూ పోగొట్టుకునే జబ్బు అది. 2007లో బర్డ్ బృందం ఇదే జబ్బు పెట్టిన ఎలుకల్లో జన్యువును తిరిగి పనిచేయించింది. చావుకు దగ్గరైన ఎలుకలు కూడా కోలుకున్నాయి. మనుషుల్లో ఆ మరమ్మతు కోసం ఇంకా పని జరుగుతూనే ఉంది.

1978 నుంచి 2007 దాకా లెక్కేసుకోండి. ‘ఏ జబ్బుకు మందు కనిపెడతావు?’ అని పాతికేళ్ల వయసులో బర్డ్‌ను అడిగి ఉంటే ఆయన దగ్గర జవాబు ఉండేది కాదు. మీ అమ్మాయిని కూడా దయచేసి అలా అడగొద్దు. ఇప్పుడు తేల్చుకోవాల్సింది టాపిక్ కాదు. ఒకే ప్రయోగం నాలుగుసార్లు పాడైనా, ఐదోసారి గొట్టాలు సర్దుకుని కూర్చునే ఓపిక ఆమెకు ఉందా లేదా అన్నదే. అది మార్కుల్లో తెలియదు, ల్యాబులోనే తెలుస్తుంది. మూడు జాతీయ సైన్స్ అకాడమీలు కలిసి ఏటా వేసవి ఫెలోషిప్‌లు ఇస్తాయి. స్టైపెండ్ వాళ్లే ఇస్తారు. దానికి దరఖాస్తు చేయించండి. డబ్బు కట్టించుకుని నెల రోజుల్లో సర్టిఫికెట్ చేతిలో పెట్టే ప్రైవేటు ట్రైనింగుల జోలికి మాత్రం వెళ్లనివ్వొద్దు. మధ్యతరగతి తల్లిదండ్రులు అక్కడ పోస్తున్న డబ్బు చూస్తే నాకు బాధేస్తుంది.

వేసవి తర్వాత కూడా ఆమె మాట మారకపోతే దారి ఇదీ. ఎమ్మెస్సీకి ఐఐటీ జామ్, గాట్-బీ, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ కోసం సీయూఈటీ-పీజీ రాయాలి. ఎమ్మెస్సీ ఆఖరి ఏడాదిలో పీహెచ్‌డీ కోసం సీఎస్‌ఐఆర్ నెట్, గేట్, టీఐఎఫ్‌ఆర్ పరిశోధన సంస్థ వాళ్ల జేజీబిల్స్ పరీక్షలు. క్రోమాటిన్ మీద మంచి పని మన హైదరాబాద్‌లోనే ఉంది. సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలో ఈగల మీద, ఇతర జీవుల మీద ఈ పని చాలాకాలంగా సాగుతోంది. సీడీఎఫ్‌డీ అనే మరో పరిశోధన సంస్థ కూడా అక్కడే ఉంది. బెంగళూరులో జేఎన్‌సీఏఎస్‌ఆర్, ఎన్‌సీబీఎస్, పుణెలో ఐసర్ అనే సంస్థలు ఉన్నాయి. అన్నట్టు, బర్డ్ ఎడిన్‌బరాలో ఉన్న రోజుల్లోనే అక్కడ పాముల క్రోమోజోముల మీద పనిచేసిన లాల్జీ సింగ్ గారు 1987లో సీసీఎంబీకి వచ్చి, మన దేశంలో డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్‌ను నిలబెట్టారు.

ఎమ్మెస్సీ రెండేళ్లు, పీహెచ్‌డీ ఐదారేళ్లు. ఆపైన పోస్ట్‌డాక్, అంటే వేరొకరి ల్యాబులో చేసే తాత్కాలిక పరిశోధన, మూడు నాలుగేళ్లు, అది ఎక్కువగా విదేశాల్లో. అంటే సొంత ల్యాబ్ అన్నది ముప్పై మూడు, ముప్పై నాలుగేళ్లకు వచ్చే మాట. మధ్యలో మీ మీద భారం పెద్దగా ఉండదు. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆ తర్వాత 42,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం అదనం. అమెరికా వెళ్తానంటే నేరుగా పీహెచ్‌డీకే ప్రయత్నించమనండి. దానికి స్టైపెండ్ వస్తుంది. లక్షల అప్పు చేసి అక్కడ ఎంఎస్ బయోటెక్నాలజీ చేయించడం నాకు ఇష్టం లేదు.

పర్మనెంట్ సైంటిస్టు పోస్టులు తక్కువ, పోటీ ఎక్కువ. పీహెచ్‌డీ చేసినవాళ్లందరికీ ల్యాబ్ రాదు. అందుకే మొదటి ఏడాది నుంచే ఆర్, పైథాన్ అనే కంప్యూటర్ భాషలు, లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ నేర్చుకోవాలి. ఇప్పుడు మిథైలేషన్ పని సగం ల్యాబు బల్ల మీద, సగం కంప్యూటర్ మీద నడుస్తోంది. ఆ డేటాను చదవగలిగినవాళ్లను డయాగ్నస్టిక్ కంపెనీలు తీసుకుంటాయి. ఇది గాల్లో మాట కాదు. గ్లయోబ్లాస్టోమా అనే మెదడు కణితికి మందు ఎంతవరకు పనిచేస్తుందో అంచనా వేయడానికి పెద్ద ఆసుపత్రుల్లో ఎంజీఎంటీ అనే జన్యువు మిథైలేషన్ చూస్తారు. మిథైలేషన్‌ను తగ్గించే అజాసిటిడిన్ మందును 2004 నుంచి ఎముక మజ్జ జబ్బుకు వాడుతున్నారు.

పెళ్లి సంగతి. పీహెచ్‌డీ చేస్తూ పెళ్లి చేసుకున్నవాళ్లు, పిల్లల్ని కన్నవాళ్లు ప్రతి సంస్థలోనూ ఉన్నారు. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ కాలంలో ఆడపిల్లలకు 240 రోజుల దాకా ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు ఉంది. సంబంధం చూసేటప్పుడు మాత్రం రాత్రి పదింటికి ల్యాబ్ నుంచి వచ్చే రోజులు ఉంటాయని అవతలివాళ్లకు ముందే చెప్పండి.

పీహెచ్‌డీలో చేరేటప్పుడు సంస్థ పేరు కంటే గైడ్‌ను చూసుకోమనండి. ఆ ల్యాబులో ఇప్పుడు చదువుతున్న ఇద్దరితో, అక్కడ చదివి వెళ్లిపోయిన ఇద్దరితో మాట్లాడాలి. ఎన్నేళ్లకు డిగ్రీ వచ్చింది, పేపరు మీద మొదటి పేరు ఎవరికి ఇచ్చారు, గొడవ వస్తే గైడ్ ఎలా మాట్లాడతారు అని అడగాలి. వేసవి ఫెలోషిప్ దరఖాస్తులు మామూలుగా అక్టోబరు, నవంబరుల్లో పిలుస్తారు. అప్పటికి తను పనిచేయాలనుకునే ల్యాబుల నుంచి రెండు పేపర్లయినా చదివి, అందులో అర్థంకాని ప్రయోగం ఏదో రాసిపెట్టుకోమనండి.