జర్మన్ మెటల్ బ్యాండ్ రామ్‌స్టైన్ ఆల్బమ్ 'ముట్టర్' మీద నువ్వు రాసిన రివ్యూ గురించి

తమ్ముడూ,

నువ్వు పంపిన రివ్యూ రాత్రి చదివా, పొద్దున్నే ఇంకోసారి చదివా. ఈ ఆల్బమ్ అంటే నీకెంత పిచ్చో ప్రతి లైన్లో తెలుస్తోంది, ఆ పిచ్చి లేకుండా మ్యూజిక్ గురించి రాయకూడదు కూడా. కానీ మొదటి రెండు పేరాలు నీవి కావు, ఎవరెవరో ఎప్పుడో అనేసినవి. "నాజీ ఛాయలున్నాయని విమర్శలు వచ్చాయి" అని ఒక ముక్క వేసి, జర్మనీ చార్టులో నంబర్ 1 అయిందని ఇంకో ముక్క వేసి ముందుకెళ్లిపోయావు. రెండూ నిజమే, కానీ చదివేవాడికి ఏం తెలిసినట్టు?

అంత పెద్ద మాట రాసినప్పుడు అది ఎక్కణ్ణుంచి పుట్టిందో చెప్పాలి కదా. 1998లో రామ్‌స్టైన్ వాళ్లు ఇంగ్లిష్ బ్యాండ్ డెపెష్ మోడ్ పాట 'స్ట్రిప్డ్'ని తమ స్టైల్లో చేసి, ఆ వీడియోలో 1936 బెర్లిన్ ఒలింపిక్స్ మీద లేనీ రీఫెన్‌స్టాల్ తీసిన సినిమా సీన్లు వాడారు. హిట్లర్ పార్టీకి ప్రచార సినిమాలు తీసిపెట్టిన మనిషి ఆవిడ. జర్మనీలో గొడవ లేవకుండా ఎలా ఉంటుంది!

2001 ఏప్రిల్‌లో ముట్టర్ వచ్చింది, అందులో 'లింక్స్ 2 3 4' (లింక్స్ అంటే ఎడమ) అనే పాట ఆ గొడవకి వాళ్ల జవాబు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మొదలు మాత్రం విను. బూట్ల చప్పుడు, సైనికుల కవాతు. దాని మీద బ్యాండ్ సింగర్ లిండెమాన్ పాడేది మాత్రం నా గుండె ఎడమవైపే కొట్టుకుంటోంది అని, అంటే మేం లెఫ్ట్ వైపు వాళ్లం అని. ఆరుగురూ తూర్పు జర్మనీలో పెరిగినవాళ్లేనని కూడా గుర్తుపెట్టుకో. బూట్లు మాత్రమే విన్నవాడు ఒక రివ్యూ రాస్తాడు, మాటలు కూడా విన్నవాడు దానికి పూర్తి రివర్స్‌లో రాస్తాడు. నన్నడిగితే ఆ జవాబు సగమే జవాబు, ఎందుకంటే మాటల్లో ఎడమవైపు నిలబడ్డారు గానీ ఆ కవాతులో ఉండే మజాని మాత్రం వదులుకోలేదు, జనం భయపడింది ఆ మజాకే కదా. నువ్వు ఒప్పుకోకపోతే ఎందుకు ఒప్పుకోవో రాయి, నాకు అదే కావాలి.

'సోన్నె' పాట గురించి "గూస్‌బంప్స్ ఇంట్రో" అన్నావు. ఎందుకొచ్చాయి గూస్‌బంప్స్? ఒక గొంతు జర్మన్‌లో ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతుంది, తొమ్మిది దాకా వెళ్తుంది, మన చెవి పది కోసం కాచుక్కూర్చుంటే పది రాదు, "అవుట్" అంటుంది. ఆ పాటని మొదట బాక్సర్ విటాలీ క్లిచ్‌కో రింగ్‌లోకి వచ్చేటప్పుడు వేయడానికని అనుకున్నారు, ఆ లెక్క కింద పడిపోయిన బాక్సర్ మీద రెఫరీ పెట్టే లెక్క. ఇది రాస్తే గూస్‌బంప్స్ అన్న మాటే అక్కర్లేదు, చదివేవాడికి వాటంతటవే వస్తాయి.

ఇండస్ట్రియల్ మెటల్ అంటే మెషీన్ సౌండ్ అని ఒక్క ముక్కలో తేల్చేశావు కూడా. మరి మొదటి పాట 'మైన్ హెర్ట్స్ బ్రెన్ట్' వయొలిన్లతో ఎందుకు మొదలవుతుంది, బాబెల్స్‌బర్గ్ ఫిల్మ్ ఆర్కెస్ట్రాకి ఇక్కడేం పని? పైగా అందులో మొదటి మాటలు తూర్పు జర్మనీ టీవీలో రాత్రి నిద్రపోయే ముందు పిల్లలకి వేసే ప్రోగ్రామ్‌లోవి. అలాంటి పలకరింపుని అంత భయంకరమైన పాటకి వాకిలిగా పెట్టారు చూడు, అక్కడ ఆగాలి నువ్వు, కనీసం ఒక పేరా. జర్మన్ రాదని వెనకాడకు, లిరిక్స్ పక్కన పెట్టుకుని పాట ఆపి ఆపి విను.

రేటింగ్ స్టార్లు తీసెయ్. "నెక్స్ట్ లెవెల్" కూడా.

ఇంకోటి, కవర్ గురించి ఒక్క ముక్కా లేదు. భద్రపరిచిన పిండం ఫొటో అది, డేనియల్, గియో ఫుక్స్ తీసింది, టైటిల్ పాటేమో అమ్మ లేకుండా పుట్టిన బిడ్డ గురించి. దాన్ని చూసినప్పుడు నీకేమనిపించిందో ముందు ఆ పేరా రాసి పంపు, మిగతాది తర్వాత చూద్దాం.