జేజి బొమ్మకు వయసు రావడం లేదు

ప్రశ్న: పదహారు అంగుళాల గుడ్డబొమ్మగా జేజిని (అవ్వను) చేస్తున్నాను. తెల్లజుట్టు పెట్టినా, ముడతలు గీసినా చిన్నపిల్లకు ముసలి వేషం కట్టినట్టే ఉంది. పైగా తల ఒక పక్కకు వాలిపోతోంది.
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: ముందు ఆ ముడతలు తీసేయండి. వయసు తెలిసేది గీతల్లో కాదు, ఆకారంలో. బొమ్మను కిటికీ వెలుతురుకు అడ్డంగా పట్టుకుని అంచు మాత్రమే చూడండి. అందులో జేజి కనబడకపోతే ముఖం మీద ఎంత పనిచేసినా దండగే. నిమ్మలకుంట తోలుబొమ్మల్లో నవ్వించే జుట్టుపోలిగాణ్ని ఆకారం చూసే పోల్చుకుంటాం కదా!

అసలు తేడా కత్తిరింపు దగ్గరే వచ్చి ఉంటుంది. ధర్మవరం పక్కనున్నవాళ్లకు పడుగు, పేక సంగతి చెప్పాల్సిన పని లేదు. నేతగుడ్డ పడుగు (పొడుగు పోగులు) వైపు తక్కువ, పేక (అడ్డపోగులు) వైపు ఎక్కువ సాగుతుంది. ముఖం నిలువును పడుగు వెంట పెట్టి కత్తిరిస్తే, కూరేటప్పుడు బుగ్గలు పక్కలకు ఉబ్బి పిల్లముఖం తయారవుతుంది. అదే ముక్కను పేక వెంట నిలువుగా పెడితే ముఖం కోలగా వస్తుంది. కోరా గుడ్డయితే ముందే ఉతికి గంజి వదిలించండి, లేదంటే తర్వాత కుంచించుకుపోతుంది.

కళ్లు తల ఎత్తులో సరిగ్గా సగానికి, లేదా పిసరంత పైన ఉండాలి. కిందికి దిగితే పసిపిల్లే. రెండు గుండుసూదులు గుచ్చి, దూరం నుంచి చూసి, జరిపి, కుదిరాకే గుర్తు పెట్టండి. నీళ్లతో చెరిగే పెన్ను వాడితే ఆ గుర్తు మీద ఇస్త్రీపెట్టె తగలనివ్వొద్దు, వేడికి మరక నిలిచిపోతుంది. నల్లగుడ్డు పైభాగాన్ని రెప్ప కొంచెం కప్పితే చూపు నెమ్మదిగా ఉంటుంది. పైన తెల్లగుడ్డు కనబడితే జేజి ఉలిక్కిపడినట్టుంటుంది.

నోటి రెండు కొసల నుంచి పొడవాటి సూదితో దారాన్ని తల వెనక్కి తీసి, రెండు మూడు మిల్లీమీటర్ల గుంట పడేదాకా బిగించి ముడి వేయండి. పళ్లూడిన నోరు వస్తుంది. మిషను దారం తెగిపోతుంది, గుండీలు కుట్టే గట్టి దారం తీసుకోండి. తల వదులుగా కూరి ఉంటే మాత్రం నోటితో పాటు ముఖమంతా సొట్టపోతుంది.

ఇక మెడ. దాని వెడల్పు తలలో మూడోవంతుకు తగ్గితే ఎంత కూరినా బరువు మోయదు. సగం తలలోకి, సగం రొమ్ములోకి దిగేలా ఒక వెదురుపుల్ల పెట్టి, చుట్టూ ఫైబర్ దూది (పాలియెస్టర్ దూది) చుట్టి కుట్టండి. పిల్లలు ఆడుకునే బొమ్మలో పుల్ల పెట్టకూడదు. దానికి మెడే వెడల్పు చేసి రెండు వరసలు కుట్టాలి. జేజికైతే తలను మెడకు నిటారుగా కాక, అరంగుళం ముందుకు జరిపి కుట్టండి. సగం వయసు అక్కడే వచ్చేస్తుంది.

ప్రశ్న: బొమ్మకు చీర కడితే నడుము దగ్గర మూటలా ఉబ్బుతోంది. ఎంత గుడ్డ తీసుకోవాలి?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: మనం కట్టే చీరను ఎత్తుకు తగ్గట్టు తగ్గించి లెక్కేస్తే పదహారు అంగుళాల బొమ్మకు 57 అంగుళాల పొడవు, 12 అంగుళాల పన్నా రావాలి. కానీ బొమ్మ చిన్నదైనంత మాత్రాన గుడ్డ మందం తగ్గదు కదా. అందుకే పొడవు 40 అంగుళాలకు తగ్గించి, కుచ్చిళ్లు మూడుతో సరిపెట్టండి. వాటిని విడిగా మడిచి, ఇస్త్రీ చేసి, నడుము దగ్గర కుట్టేయండి. ఉతికి ఉతికి మెత్తబడిన పాత నూలుచీర మేలు. కొత్త పట్టుముక్క కర్రలా నిలబడుతుంది. జరీ అంచు అరంగుళం మించితే బొమ్మను మింగేస్తుంది.

ప్రశ్న: మాకు పత్తికి కొదవ లేదు. ఫైబర్ దూది కొనడం ఎందుకు?
– ఒక పాఠకుడు, ఆదోని

జవాబు: కొలువులో కూర్చోబెట్టే బొమ్మకైతే గింజ తీసి ఏకిన పత్తి సరిపోతుంది, చేతులు, కాళ్లలో చక్కగా గట్టిపడుతుంది. ఉతికే బొమ్మకు పనికిరాదు. తడిస్తే ఉండలు కడుతుంది, ఆరడానికి రోజులు పడుతుంది. తలకు మాత్రం ఏ బొమ్మకైనా ఫైబరే వాడండి.