సబ్‌మెరీనరా, స్పీడ్‌మాస్టరా, రివర్సోనా? ఆరో వాచీ లెక్క

ప్రశ్న: నాకు 43 ఏళ్లు, ఐటీ ఉద్యోగం, కొండాపూర్‌లో ఉంటాం. వాచీల పిచ్చి ఉంది. ఇప్పటికి ఐదు ఉన్నాయి: నాన్నగారి హెచ్‌ఎంటీ జనతా, పెళ్లిలో అత్తవారు పెట్టిన టైటన్ ఎడ్జ్, ఒక సీకో డైవర్, ఒమేగా సీమాస్టర్ 300ఎం, ట్యూడర్ బ్లాక్ బే 58. ఈసారి బోనస్ పన్ను పోను 11 లక్షలు వచ్చింది, ఆరోది కొనాలని ఉంది. రోలెక్స్ సబ్‌మెరీనర్ షోరూంలో ఎప్పుడు వస్తుందో చెప్పడం లేదు, బయట ఒక రీసెల్లర్ 12 లక్షల 40 వేలకు వెంటనే ఇస్తానంటున్నాడు, తక్కువ పడేది క్రెడిట్ కార్డు ఈఎంఐలో పెడదామనుకుంటున్నా. ఒమేగా స్పీడ్‌మాస్టర్ కొత్తది 7 లక్షల పైన చెప్పారు. జేగర్ లెకూల్ట్ర్ రివర్సో వాడినది ఒకటి 6 లక్షల 20 వేలకు ఉంది. ఇన్వెస్ట్‌మెంట్‌గా ఏది మంచిది? ఇంటి లోన్ 38 లక్షలు, ఎఫ్‌డీలో 5 లక్షలు, నెల ఖర్చు ఈఎంఐతో కలిపి లక్షా 60 వేలు. పాప ఎనిమిదో తరగతి. డాలస్‌లో ఉన్న బావమరిది డిసెంబర్‌లో వస్తున్నాడు, అక్కడ కొని చేతికి పెట్టుకుని తెచ్చేస్తానంటున్నాడు. కావాలంటే జనతా, సీకో అమ్మేస్తాను.

జవాబు: ముందు మీ ప్రశ్నలోంచి ఒక్క మాట తీసేద్దామండి, ఆ ఇన్వెస్ట్‌మెంట్ అన్న మాట. వాచీలంటే నాకూ ఇష్టమే, కొనొద్దని చెప్పడానికి కూర్చోలేదు, కానీ ఆ మాట ఉన్నంతసేపు మీరు మీకు నచ్చినది కాకుండా రీసెల్లర్ పొగిడినది కొంటారు, ఇప్పుడు జరుగుతున్నదీ అదే.

లెక్క చూడండి. 12 లక్షల 40 వేలు ఏటా 10 శాతం చొప్పున పెరిగే చోట ఎనిమిదేళ్లు ఉంటే దాదాపు 26 లక్షల 58 వేలు అవుతుంది. 10 శాతం గ్యారంటీ అని అనడం లేదు, పాప చదువు కోసం ఈక్విటీ ఫండ్‌లో సిప్ (నెలనెలా కొంత డబ్బు) వేసేవాళ్లు మామూలుగా పెట్టుకునే అంచనా కాబట్టి తీసుకున్నాను. అంటే మీ సబ్‌మెరీనర్ ఇన్వెస్ట్‌మెంట్ అనిపించుకోవాలంటే 8 ఏళ్ల తర్వాత, గీతలు పడ్డాక, ఒక సర్వీస్ అయ్యాక, ఎవరో ఒకాయన 26 లక్షలకు పైగా మీ చేతిలో పెట్టాలి, అందులోంచి రీసెల్లర్ కమిషన్ పోవాలి. వస్తుందా? రావచ్చేమో, కానీ నా క్లయింట్ ఎవరైనా ఆ ఆశ మీద ప్లాన్ వేసుకుంటానంటే నేను ఒప్పుకోను.

వాచీల రేట్లు ఎప్పుడూ పెరుగుతూనే ఉంటాయనే నమ్మకం కరోనా రోజుల్లో పుట్టింది. 2021లో, 2022 మొదట్లో సెకండ్ హ్యాండ్ మార్కెట్ పిచ్చెక్కినట్టు పెరిగింది, రోలెక్స్ స్టీలు మోడళ్లు, పాటెక్ ఫిలిప్ నాటిలస్ లాంటివి షోరూం ధర మీద ఎంతో ఎక్కువకు అమ్ముడుపోయాయి. 2022 మధ్య నుంచి అవే రేట్లు దిగుతూ వచ్చాయి. శిఖరం మీద కొన్నవాళ్లు ఇప్పటికీ ఆ వాచీ పెట్టుకుని బాధగా టైము చూసుకుంటున్నారు. పాల్ న్యూమన్ రోలెక్స్ డేటోనా 2017లో న్యూయార్క్ వేలంలో కోటీ 77 లక్షల డాలర్లకు పైగా పలికిందని కూడా ఎవరో ఒకరు మీకు చెప్పే ఉంటారు. నిజమే, కానీ అది ఆ హాలీవుడ్ హీరో తన చేతికి పెట్టుకున్న వాచీ. మీ చేతికీ నా చేతికీ అంత రేటు లేదు.

సరే, వాచీలనే చూద్దాం. మీ ఐదింటిలో సీకో డైవర్, సీమాస్టర్, ట్యూడర్, మూడూ సముద్రంలో దూకేవాళ్ల వాచీలే. 200 మీటర్ల నుంచి 300 మీటర్ల లోతు దాకా తట్టుకుంటాయి. కొండాపూర్‌లో వానాకాలం రోడ్లు నాకూ తెలుసు, అయినా అంత లోతు ఉండదు. సబ్‌మెరీనర్ కూడా 300 మీటర్ల డైవరే, అంటే నాలుగోసారి అదే రకం వాచీని, ఉన్న వాటన్నిటికంటే ఎక్కువ డబ్బు పెట్టి, షోరూం ధర మీద ప్రీమియం కట్టి, అప్పు చేసి మరీ కొంటారు. రోలెక్స్ పేరు కావాలంటే అది వేరే, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, షోరూం లిస్టులో పేరు రాయించి మర్చిపోండి. రెండేళ్లకో మూడేళ్లకో ఫోన్ వస్తే అప్పుడు ఆలోచిద్దాం. ప్రీమియం మాత్రం ఇవ్వకండి.

పైగా 10 లక్షలు దాటిన వాచీ మీద 2025 ఏప్రిల్ 22 నుంచి అమ్మే వ్యాపారి 1 శాతం టీసీఎస్, అంటే అమ్మేటప్పుడే మీ దగ్గర తీసుకుని ప్రభుత్వానికి కట్టే పన్ను, కూడా వసూలు చేయాలి. 12 లక్షల 40 వేల మీద 12,400. అది పోయే డబ్బు కాదు, రిటర్న్ వేసేటప్పుడు మీ పన్నులో సర్దుకోవచ్చు, కాకపోతే కొన్న సంగతి మీ పాన్ మీద నమోదవుతుంది. ఆ రీసెల్లర్ ‘బిల్లు రెండు ముక్కలు చేద్దాం సార్, టీసీఎస్ పడదు’ అన్నాడా, నమస్కారం పెట్టి బయటికి వచ్చేయండి. అలాగే 2 లక్షలు, ఆ పైన నగదు తీసుకోవడం చట్టప్రకారం కుదరదు, పెనాల్టీ తీసుకున్నవాడికే పడుతుంది గానీ నగదు ఇస్తే రేపు వాచీలో తేడా వస్తే మీ దగ్గర చూపించడానికి ఏమీ ఉండదు. ఏది కొన్నా బ్యాంకు నుంచి బ్యాంకుకే పంపండి.

స్పీడ్‌మాస్టర్ మంచి వాచీ, చంద్రుడి మీదికి వెళ్లొచ్చిన మోడల్, 1969లో వ్యోమగామి ఆల్డ్రిన్ చేతికి ఉన్నది అదే. కొనాలనుకుంటే కొత్తది 7 లక్షలు పెట్టి వద్దు, ఒకటి రెండేళ్లు వాడినవి కార్డు, బాక్సు అన్నీ ఉన్నవి మార్కెట్లో బాగా తక్కువకే దొరుకుతాయి. దీని గురించి ఇంకేం చెప్పను, ఎందుకంటే మీ ఉత్తరంలో దాని గురించి ఒక్క వాక్యమే రాశారు, అదీ ధర.

రివర్సో గురించి కూడా మీరు ఒక్క వాక్యమే రాశారు, కాకపోతే అక్కడ ‘ఒకటి దొరికింది’ అనలేదు, ‘ఒకటి ఉంది’ అన్నారు. ఆ మాట కాస్త ప్రేమగా వినిపించింది నాకు, పొరపాటైతే క్షమించండి. మిగతా ఐదింటితో ఏ పోలికా లేనిది అదొక్కటే. దీర్ఘచతురస్రంగా, సన్నగా, అద్దాన్ని లోపలికి తిప్పేసుకునేలా ఉంటుంది. ఆ తిప్పుడు ఆలోచన పుట్టిందే మన దేశంలో, బ్రిటిష్ ఆర్మీ ఆఫీసర్లు పోలో ఆడుతూ వాచీ అద్దాలు పగలగొట్టుకుంటుంటే దానికి మందుగా తయారుచేశారు, పేటెంట్ 1931 నాటిది. నీళ్లకు మాత్రం 30 మీటర్ల రేటింగే, అంటే చేతులు కడుక్కోవడం వరకే, ఈత కొలనులోకి వద్దు. మీకు డైవర్లు మూడున్నాయిగా.

డబ్బు లెక్కలో కూడా అదే నచ్చుతుంది నాకు. రివర్సోలాంటి వాచీ షోరూం గడప దాటగానే విలువ బాగా పడిపోతుంది, ఆ దెబ్బ మొదటి ఓనర్ తిన్నాడు. మీరు 6 లక్షల 20 వేలకు కొని, ఎనిమిదేళ్లు పెట్టుకుని, 5 లక్షలకు అమ్మారనుకోండి, మధ్యలో ఒక సర్వీస్‌కు 80 వేలు అయిందనుకోండి, జేబులోంచి పోయేది 2 లక్షలు, ఏడాదికి 25 వేలు. ఆ 6 లక్షల 20 వేలు ఫండ్‌లో ఉంటే 13 లక్షల 29 వేలు అయ్యేది కదా అంటారు, అవును, అదే దాని అసలు ఖరీదు, సబ్‌మెరీనర్‌తో పోలిస్తే సరిగ్గా సగం. కంటి ముందు పెట్టుకుని, సరే అనిపిస్తేనే కొనండి.

ఇప్పుడు బోనస్. నెలకు లక్షా 60 వేలు ఖర్చు ఉన్నవాళ్లకి, అందులోనూ ఐటీలో, ఆరు నెలల డబ్బు పక్కన ఉండాలి, అంటే 9 లక్షల 60 వేలు. మీ దగ్గర 5 ఉంది. ముందు 4 లక్షల 60 వేలు అక్కడికి పోవాలి, ఇందులో బేరం లేదు. మిగిలేది 6 లక్షల 40 వేలు. చూశారుగా, రివర్సోకి సరిపోతుంది, కానీ ఆ తర్వాత మిగిలేది 20 వేలే, పాప పేరున చెప్పుకోదగ్గదేమీ పడదు. అందుకే నా షరతు ఒకటే, ముందు సీమాస్టర్, ట్యూడర్‌లలో ఒకటి అమ్మండి, ఆ తర్వాతే కొనండి. ఒకే రకం డైవర్లలో ఎక్కువ విలువ దానికీ ట్యూడర్‌కీ ఉంటుంది, రెండింటిలో ఈ ఏడాది ఎక్కువ రోజులు చేతికి ఏది ఉందో ఫోన్లో ఫోటోలు చూస్తే తెలిసిపోతుంది, ఉండనిదాన్ని అమ్మేయండి. వచ్చిన డబ్బు పాప చదువు ఫండ్‌లో వేయండి. సీకో అమ్మితే వచ్చేది కొంచెమే, రఫ్‌గా వాడుకోవడానికి ఉంచుకోండి.

అమ్మినదాని మీద పన్ను పడుతుందా అని తర్వాతి మెయిల్లో అడుగుతారు కాబట్టి ఇప్పుడే చెప్తున్నా: సొంతానికి పెట్టుకున్న స్టీలు వాచీ వాడుక వస్తువు కింద వస్తుంది, లాభం వచ్చినా క్యాపిటల్ గెయిన్స్ పన్ను ఉండదు, నష్టం వచ్చినా దేనికీ సర్దుకోలేరు. బంగారు వాచీ అయితే నగల కిందికి వచ్చే ప్రమాదం ఉంది, అది వేరే కథ. ఏడాదికి నాలుగైదు కొని అమ్ముతుంటే మాత్రం పన్ను ఆఫీసరు దాన్ని వ్యాపారం అనొచ్చు.

బావమరిది సంగతి. మంచి మనసుతోనే అన్నారు, వద్దని చెప్పండి. డాలస్‌లో సేల్స్ ట్యాక్స్ 8.25 శాతం అక్కడే కట్టాలి. ఇక్కడ వదిలి వెళ్లడానికి తెచ్చే లక్షల వాచీకి శంషాబాద్‌లో కస్టమ్స్ వాళ్ల రెడ్ ఛానల్‌లోకి వెళ్లి డ్యూటీ కట్టాలి, ఉచితంగా అనుమతించే పరిమితి ఆ ధరలో ఓ మూలకు కూడా రాదు. చేతికి పెట్టుకుంటే అడగరన్నది ఊహాగానం, అడిగిన రోజు వాచీ పోతుంది, పెనాల్టీ పడుతుంది, మీ ఆవిడ పుట్టింటితో పదేళ్ల మాట పట్టింపు ఉచితం.

ఇంకో అనుమానం రావచ్చు, స్విట్జర్లాండ్‌తో వాణిజ్య ఒప్పందం 2025 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది కదా, స్విస్ వాచీల మీద సుంకం ఏటా కొంత తగ్గుతుంది కదా, ఆగితే పోలేదా అని. సుంకం తగ్గేది తగ్గుతుంది, కానీ పదేళ్ల కింద 65-70 రూపాయల మధ్య ఉన్న స్విస్ ఫ్రాంక్ ఇప్పుడు వంద దాటింది, కంపెనీలు ధరలు పెంచుతూనే ఉన్నాయి. దాని కోసం ఆగక్కర్లేదు. కొత్తవాటి ధర తగ్గితే పాతవాటి మీదా ఒత్తిడి పడుతుంది కాబట్టి, ఆ పేరు చెప్పి 6 లక్షల 20 వేల దగ్గర ఓ 30 వేలు బేరం మాత్రం ఆడండి.

కొనే ముందు ఆ రివర్సోని కంపెనీ సర్వీస్ సెంటర్లో చూపిస్తేనే డబ్బు ఇస్తానని చెప్పండి, ఒప్పుకోకపోతే వదిలేయండి. నా అనుభవం ఒకటి ఉంది. 2014లో 60 వేలు పెట్టి పాత ఒమేగా ఒకటి కొన్నాను, డయల్ మీద ఒక్క మరక లేదు, యాభై ఏళ్ల వాచీ ఇంత శుభ్రంగా ఎలా ఉందన్న అనుమానం రావాల్సింది, రాలేదు. సర్వీస్‌కు ఇస్తే డయల్ మొత్తం మళ్లీ రంగేసినదని, లోపలి పార్టులు రెండు మూడు వాచీల నుంచి తీసి అతికించారని చెప్పారు. అమ్మినవాడి ఫోన్ అప్పటికే స్విచాఫ్. ఆ వాచీ ఇంకా నా బల్ల సొరుగులో ఉంది, ముళ్లు మాత్రం తిరుగుతాయి.

కొన్నాక ఇంటి ఇన్సూరెన్స్‌లో దాని పేరు, ధర విడిగా రాయించండి, బయట పోయినా వర్తించే కవర్ అడిగి తీసుకోండి. లాకర్‌లో పెట్టి ధీమాగా ఉండకండి, దొంగతనం జరిగినా, మంటలంటుకున్నా బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు వంద రెట్ల వరకే. రివర్సో వెనక పలక మీద పాప పేరు చెక్కించుకోవాలనిపిస్తుంది, అందరికీ అనిపిస్తుంది. చెక్కిస్తే రీసేల్ తగ్గుతుంది. అమ్మననుకుంటే చెక్కించండి, అప్పుడు నేను పైన వేసిన 5 లక్షల లెక్క కొట్టేసుకోండి.

చివరిగా మీ నాన్నగారి జనతా. అమ్మే లిస్టులో ఎందుకు రాశారో అర్థం కాలేదు. సిటిజన్ సాయంతో 1961లో బెంగళూరులో వాచీలు మొదలుపెట్టిన హెచ్‌ఎంటీ వాళ్ల పాత జనతాకి మార్కెట్లో వచ్చేది కొన్ని వేలు, మీ లెక్కలో అది ఏ గడీలోనూ కనపడదు. అది ఆగిపోయి ఉంటే అబిడ్స్ వైపు పాత మెకానిక్ ఎవరికైనా ఇచ్చి ఆయిలింగ్ చేయించి బెల్టు మార్పించండి. రోజూ పొద్దున కీ ఇచ్చే వాచీ మీకు సరిపడుతుందో లేదో ఓ నెల దాన్ని పెట్టుకుని చూడండి, ఎందుకంటే రివర్సోల్లో కూడా చాలావరకు కీ ఇచ్చేవే.