బడి చందా కోసం అప్పు చేశాను, ఆయన మాట్లాడటం లేదు

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లాలో ఒక పల్లె. నేను 5వ తరగతి వరకే చదివాను. మా ఆయన తాపీమేస్త్రీ. ఒక్కడే బాబు, ఊళ్లో జిల్లా పరిషత్ హైస్కూల్లో 7వ తరగతి. నేను బడి పేరెంట్స్ కమిటీలో ఉన్నాను. మంచినీళ్ల ప్లాంటు రిపేరుకి, వార్షికోత్సవానికి ఇంటికి 1,000 రూపాయలు వేసుకోవాలని కమిటీలో అనుకున్నారు. మా ఆయన ‘తల్లికి వందనం పథకంలో ప్రభుత్వం వేసే డబ్బులో 2,000 పట్టుకున్నారుగా, మళ్లీ చందా ఏంటి’ అని కుదరదన్నారు. తర్వాత ఇవ్వనివాళ్ల పేర్లు ప్రార్థనలో చదివారట. అందులో మావాడి పేరు ఉందని పక్కింటి పిల్లాడు చెప్పాడు, మావాడు చెప్పలేదు. తట్టుకోలేక డ్వాక్రా గ్రూపులో అప్పు తీసుకుని ఏకంగా 2,000 కట్టేశాను. ఆయనకి చెప్పలేదు. అప్పు తీర్చడానికి నాలుగు రోజులు బాబుని కూడా మిరపకోతలకి తీసుకెళ్లాను. అక్కడ ఎవరో చెబితే ఆయనకి తెలిసింది. పది రోజులుగా మాటల్లేవు. వాణ్ణి ప్రైవేటు బడిలో వేసేస్తానంటున్నారు. చదువు చెప్పలేను, డబ్బన్నా ఇద్దామనుకున్నాను. నేను చేసింది తప్పా మేడమ్?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండుసార్లూ మిరపకోతల దగ్గరే ఆగిపోయాను. బడికి ఇవ్వడం కోసం అప్పు చేశారు, ఆ అప్పు కోసం బిడ్డని బడి మానిపించారు. మీరడిగిన తప్పు ఏదైనా ఉంటే అక్కడుంది. ఆయనకి చెప్పకపోవడం పొరపాటు, సర్దుకుంటుంది. పిల్లాణ్ణి చేనికి తీసుకెళ్లడం మాత్రం ఇంకోసారి వద్దు. మిగతా అప్పు మీరిద్దరూ కలిసి తీర్చుకోండి, వాడి చేతుల మీదుగా కాదు.

మీ కోపం, ఆయన కోపం రెండూ ఒకచోట నుంచే పుట్టాయి. అది ప్రార్థనలో పేర్లు చదవడం. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది. దాని ప్రకారం 8వ తరగతి వరకు ప్రభుత్వ బడిలో చదువు ఉచితం. పిల్లల్ని కొట్టడమే కాదు, మానసికంగా వేధించడం కూడా ఆ చట్టం నిషేధించింది. డబ్బు ఇవ్వలేదని నలుగురిలో పేరు చదవడం దానికి ఎంత దూరంలో ఉందో మీ హెడ్మాస్టరు గారే చెప్పాలి. చందా ఇష్టంతో ఇచ్చేది. ఇవ్వలేనివాళ్ల జాబితా తయారైన రోజున అది చందాగా ఉండదు, పన్ను అయిపోతుంది.

ఈ మాట అనడానికి మీకంటే తగినవాళ్లు లేరు. కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలని, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలని కూడా ఆ చట్టమే చెప్పింది. సంతకం పెట్టి టీ తాగి రావడానికి కాదు. (చాలా ఊళ్లలో జరిగేది మాత్రం అదే, నాకు తెలుసు.) వచ్చే మీటింగులో గొడవపడకుండా రెండు మాటలు అడగండి. పేర్లు చదవడం ఆపాలని ఒకటి. సమగ్ర శిక్ష, అంటే బడులకి నిధులిచ్చే ప్రభుత్వ పథకం నుంచి బడికి వచ్చే గ్రాంటు ఏమైందని రెండోది. నిబంధన ప్రకారం 100 దాటి 250 లోపు పిల్లలున్న బడికి ఏడాదికి 50 వేలు, 250 దాటి 1,000 లోపు ఉంటే 75 వేలు. నీళ్ల ప్లాంటులాంటి అవసరాలకి ముందు చూడాల్సింది ఆ లెక్క. తల్లికి వందనంలో మినహాయించిన 2,000 కూడా బడుల నిర్వహణ పేరుతో తీసినవే. అందులోంచి మన బడికి ఎంత వచ్చిందని మీవారు అడుగుతున్నది న్యాయమైన ప్రశ్న. ఇంట్లో కాదు, మీటింగులో అడగాల్సిన ప్రశ్న.

అప్పటికీ డబ్బు చాలకపోతే? కూలి చేసుకునే ఇళ్ల ముందుకి రసీదు పుస్తకం పట్టుకెళ్లే ముందు పూర్వ విద్యార్థుల్ని అడగమనండి. ఈ రోజుల్లో 10వ తరగతి బ్యాచ్‌లన్నిటికీ వాట్సాప్ గ్రూపులున్నాయి. పాతికేళ్ల తర్వాత కలుసుకుని, మాస్టార్లకి శాలువాలు కప్పి, మెమెంటోలిచ్చి, భోజనాలు పెట్టుకుని వెళ్లిపోతారు. ఆ శాలువాలు మాస్టార్ల ఇళ్లల్లో బీరువా నిండా ఉంటాయి! ‘ఈసారి ప్లాంటుకి ఫిల్టర్లు మార్చండి, పరీక్షల ముందు సాయంత్రం క్లాసులకి ఆగే పదో తరగతి పిల్లలకి గుగ్గిళ్లు పెట్టించండి’ అంటే కాదనేవాళ్లు తక్కువ. వచ్చిన ప్రతి రూపాయీ కమిటీ బ్యాంకు ఖాతాలో వేసి, ఖర్చు కాగితం మీద రాసి బడి గోడకి అంటించాలి. లెక్క కనబడితే రెండోసారి అడగడం తేలిక. వార్షికోత్సవానికి షామియానా లేకపోయినా ఏమీ కాదు.

ఇక మీవారి సంగతి. ఆయన్ని కుదిపింది డబ్బు కంటే, తన ఇంటి విషయం చేలో ఎవరి నోటో వినాల్సి రావడం. కాబట్టి ‘బడికి ఇచ్చాను, తప్పేంటి’ అని మొదలుపెట్టకండి. ‘మీకు చెప్పకుండా అప్పు చేశాను, అది తప్పే. వాడి పేరు చదివారని విని ఆగలేకపోయాను’ అనండి. ఆ రెండో వాక్యం ఆయనకి ఇంతవరకు తెలుసా? మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. తెలిస్తే ఆయన కోపం వెళ్లాల్సిన చోటికి వెళుతుంది. చల్లబడ్డాక, ఆయన తాపీమేస్త్రీ కదా, బడిలో కుళాయి దిమ్మె పగిలిపోయో, వంటగది గచ్చు లేచిపోయో ఉంటే ఒక ఆదివారం వెళ్లి చూడమనండి. ఆ ఒక్కరోజు పని మీరు కట్టిన 2,000కి తక్కువేం కాదు. కొడుకు చూస్తుండగా చేస్తే ఇంకా మంచిది.

ప్రైవేటు బడి మాట కోపంలో తేల్చకండి. ఒక్క విషయం ఆయన ముందు పెట్టండి. 8వ తరగతిలో ఎన్‌ఎంఎంఎస్ అని కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ పరీక్ష ఉంటుంది. పాసై ఎంపికైతే 9 నుంచి ఇంటర్ రెండో ఏడాది వరకు ఏటా 12,000 రూపాయలు, అంటే నాలుగేళ్లకి 48,000 వస్తాయి. ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో చదివేవాళ్లకే ఈ అవకాశం, ప్రైవేటుకి మారిస్తే పోతుంది. రాయాలంటే 7వ తరగతిలో 55 శాతం మార్కులుండాలి, ఎస్సీ, ఎస్టీ పిల్లలకి 5 శాతం సడలింపు. మీవాడు ఇప్పుడు చదువుతున్నది సరిగ్గా ఆ 7వ తరగతే. ఆ నాలుగు రోజుల గురించి నేనెందుకు అంతగా అన్నానో అర్థమైంది కదా. పోయిన పాఠాలేవో స్నేహితుడి నోట్సు చూసి ఈ వారంలోనే రాసుకోమనండి.

చదువు చెప్పలేనన్నారు. చెప్పక్కర్లేదు. రాత్రి మీరు వంట చేస్తుంటే పక్కన కూర్చుని ఆ రోజు పాఠం మీకు అర్థమయ్యేలా చెప్పమనండి. నాకు అర్థం కాలేదురా, మళ్లీ చెప్పు అనండి. మీకు నిజంగానే అర్థం కాదు కాబట్టి నటించే పని కూడా లేదు. రెండోసారి చెప్పేటప్పుడు తనకి ఎక్కడ రాలేదో వాడికే తెలుస్తుంది. ఆ గంట టీవీ, ఫోన్ ఆపేయండి, మీవి కూడా.

ఇవన్నీ చేయబోయే ముందు ఒకటి. ప్రార్థనలో తన పేరు చదివారని వాడు ఇప్పటికీ మీకు చెప్పలేదు. అమ్మ బాధపడుతుందని దాచుకున్నాడో, నాన్నకి తెలిస్తే గొడవవుతుందనుకున్నాడో. ఇవాళ పడుకునేటప్పుడు పక్కన కూర్చుని నెమ్మదిగా అడగండి. చెప్పడం మొదలుపెడితే పూర్తయ్యేదాకా మధ్యలో మాట్లాడకండి.